ఇనుప ఇంజన్ కాలిపోవడమేంటి? షెడ్డు మంటల్లో పాత లోకోలు ఎలా పోతాయంటే

మీరు మూడు విషయాలు అడిగారు. 2005లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఒక లోకో షెడ్డు అంటుకుని ఇరవైకి పైగా పాత ఇంజన్లు పాడయ్యాయని చదివారు. ఒళ్ళంతా ఇనుమే అయిన ఇంజన్ ఎలా కాలిపోతుందన్నది మొదటి ప్రశ్న. కాలినదాన్ని మళ్ళీ బాగుచేయలేరా అన్నది రెండోది. మీ ఊళ్ళో మూతపడిన ఫ్యాక్టరీ ఆవరణలో ఉన్న చిన్న స్టీమ్ ఇంజన్‌కి మీరు నలుగురూ కలిసి షెడ్డు వేస్తున్నారు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలన్నది మూడోది. ఈ మూడోదాని కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే షెడ్డు కట్టకముందే అడిగారు. చాలామంది కట్టాక అడుగుతారు.

నేను 1979లో ట్రేడ్ అప్రెంటిస్‌గా చేరాను. మొదటి పదిహేనేళ్ళు స్టీమ్ ఇంజన్ల మీద, తర్వాత డీజిల్ మీద పనిచేసి రిటైరయ్యాను. ఫిట్టర్‌గా మొదలుపెట్టినవాణ్ణి కాబట్టి చేత్తో పట్టుకుని చూసిన సంగతులే ఎక్కువ చెబుతాను.

ముందు మొదటి ప్రశ్న. ఇంజన్ మండదు. మండేది షెడ్డు. ఇంజన్ బయటికి రాలేక ఆ మంటలో గంటల తరబడి నిలబడిపోతుంది. అంతే తేడా.

పాత లోకో షెడ్డు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. పైకప్పుకి కలప దూలాలు, వాటి మీద చెక్క, దాని మీద తారు పూసిన షీటు. ఇంజన్ల పొగ బయటికి పోవడానికి ప్రతి లైను మీదా కప్పుకి ఒక పొగగొట్టం. యాభై అరవై ఏళ్ళు ఆ గొట్టం చుట్టూ మసి, నూనె ఆవిరి పేరుకుని ఉంటాయి. కింద నేల మీద నూనె ఇంకిపోయి నల్లగా మెరుస్తూ ఉంటుంది. ఇంజన్ కింద దిగి పనిచేసే పిట్‌లో నూనె, గ్రీజు, నీళ్ళు, తుడిచి పారేసిన కాటన్ వేస్ట్. ఇలాంటి చోట ఒక మూల నిప్పు రాజుకుంటే వేడి పైకెళ్ళి కప్పుని పట్టుకుంటుంది. తారు కరిగి మండుతూ చుక్కలు చుక్కలుగా కిందున్న ఇంజన్ల మీద పడుతుంది. ఆ పొగగొట్టాలే మంటకి గాలి లాగే చిమ్నీలవుతాయి.

కలప లేదు, ట్రస్సులే, అంటే కప్పుని మోసే స్టీల్ చట్రాలే అంటారా, అవీ నిలబడవు. ఐదారొందల డిగ్రీలు దాటేసరికి స్టీలు తన బలంలో సుమారు సగం కోల్పోతుంది. షెడ్డు మంటలో ఎనిమిది వందల నుంచి వెయ్యి డిగ్రీల దాకా పోవడం మామూలే. స్టీలు కరగాలంటే పద్నాలుగు వందలు దాటాలి కాబట్టి కరగదు, కానీ మెత్తబడి వంగుతుంది. వంగిన ట్రస్సు గోడని బయటికి తోస్తుంది, కప్పు మొత్తం ఇంజన్ల నెత్తిన కూలుతుంది. కాలిన షెడ్ల ఫొటోల్లో ఇంజన్ల మీద వడలిన తీగల్లా వేలాడేవి ఆ ట్రస్సులే.

పెద్ద షెడ్లలో ఇంకో చిక్కుంది. గుండ్రటి షెడ్డు, అంటే రౌండ్‌హౌస్ అయితే మధ్యలో టర్న్ టేబుల్ ఉంటుంది. లోపలున్న పాతిక ఇంజన్లకీ బయటికి దారి ఆ ఒక్క టర్న్ టేబులే. మంటల్లో కరెంటు పోయి అది తిరగకపోతే ఒక్క ఇంజనూ కదలదు. ఒకవేళ తిరిగినా, నిప్పు లేని ఇంజన్ తనంతట తాను కదలదు కదా. ఇంకో ఇంజన్ వచ్చి లాగాలి. అర్ధరాత్రి మంట లేచినప్పుడు లాగే షంటింగ్ ఇంజన్ ఎక్కడ, డ్రైవర్ ఎక్కడ, రెంటినీ కలిపే కప్లింగ్ కొక్కెం వేసేవాడు ఎక్కడ? ఒక్కొక్క ఇంజన్ యాభై టన్నులు, వంద టన్నులు. మ్యూజియంలో బొమ్మ పటాన్ని భుజాన వేసుకుని పరిగెత్తినట్టు కాదు ఇది.

న్యూరెంబర్గ్‌లో పోయినవేంటో చెబితే ఆ నష్టం ఎంతటిదో మీకే తెలుస్తుంది. అది జర్మన్ రైల్వే మ్యూజియం వాళ్ళు ఇంజన్లు దాచుకున్న షెడ్డు. 2005 అక్టోబర్ 17న అంటుకుంది. 24 చారిత్రక ఇంజన్లు, బండ్లు కాలాయి. వాటిలో అడ్లర్ ఒకటి. అడ్లర్ అంటే జర్మన్‌లో గద్ద. 1835 డిసెంబర్ 7న న్యూరెంబర్గ్ నుంచి పక్క ఊరు ఫ్యూర్ట్‌కి జర్మనీలో తొలి స్టీమ్ రైలుని లాగిన ఇంజన్ అది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ స్టీఫెన్‌సన్ కంపెనీ కట్టి పంపింది. అసలుది 19వ శతాబ్దంలోనే పోయింది. కాలినది నూరేళ్ళ పండగ కోసం 1935లో కట్టిన నడిచే నకలు. నకలే కదా అనుకోకండి. డెబ్భై ఏళ్ళు అది ఆవిరి వదులుతూ నడిచింది, దాన్ని చూసి పెరిగిన తరాలున్నాయి. అదే కప్పు కింద 23 105 నంబరు ఇంజన్ ఉంది, పశ్చిమ జర్మనీ రైల్వేకి 1959లో అందిన ఆఖరి స్టీమ్ ఇంజన్. 45 010 ఉంది, 28 మాత్రమే కట్టిన భారీ ఇంజన్ల తరగతిలో మిగిలినది. ఎక్స్‌ప్రెస్ ఇంజన్ 01 150 ఉంది. దేశంలో మొదటి స్టీమ్ రైలు జ్ఞాపకం, ఆఖరి స్టీమ్ ఇంజన్, రెండూ ఒకే కప్పు కింద, ఒకే రాత్రి. నా బాధంతా అక్కడే. విడివిడిగా రెండు ఊళ్ళలో ఉండుంటే ఏదో ఒకటైనా దక్కేది.

ఇప్పుడు ఇంజన్ ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఇది తెలియక చాలామంది "పైన పెయింట్ పోయింది, కడిగి రంగేస్తే సరి" అనుకుంటారు.

ఇరుసు తిరిగే చోట, కనెక్టింగ్ రాడ్ల చివర, యాక్సిల్ బాక్సుల్లో వైట్ మెటల్ అనే మెత్తటి మిశ్రమ లోహం పోసి ఉంటుంది. మేం దాన్ని షెడ్డులోనే చిన్న పొయ్యి మీద కరిగించి గరిటెతో పోసేవాళ్ళం. వేడి సరిపోయిందా అని చూడడానికి మీటర్లు ఉండేవి కావు. ఎండు కర్ర పుల్ల ఒకటి అందులో ముంచి తీసేవాడు మా పెద్ద ఫిట్టర్. పుల్ల గోధుమ రంగుకి మాడాలి, అంటుకోకూడదు. అంత తక్కువ వేడిలో కరిగే లోహం అది, సుమారు 240 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. షెడ్డు మంట మొదటి పావుగంటలోనే ఆ వేడి దాటిపోతుంది. బేరింగులన్నీ కారి పట్టాల మీద పడతాయి. సీసం 327 దగ్గర, అల్యూమినియం 660 దగ్గర, ఇత్తడి తొమ్మిది వందలు దాటాక. గేజీలు, బాయిలర్‌లోకి నీళ్ళు ఎక్కించే ఇంజెక్టర్లు, విజిల్, నంబర్ ప్లేట్లు, అంటే ఇంజన్‌కి ముఖం లాంటివన్నీ ముందుపోయే జాబితాలోనే ఉంటాయి.

చక్రం సంగతి చూడండి. రైలు చక్రానికి పైన స్టీలు టైరు వేరేగా తొడుగుతారు. టైరు చుట్టూ గ్యాస్ మంట పెట్టి వేడిచేస్తే అది వ్యాకోచిస్తుంది, అప్పుడు చక్రం మీదికి దించుతారు. చల్లారాక బిగుసుకుంటుంది, ఇక సుత్తి పెట్టి కొట్టినా రాదు. ఎద్దులబండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా ఎక్కించే పద్ధతే ఇది. షెడ్డు మంట దీన్ని తిరగదోడుతుంది. టైరు వదులవుతుంది. పైకి మామూలుగానే కనిపిస్తుంది, కానీ ఆ పట్టు పోయింది. దాని మీద బరువు పెట్టి నడిపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

స్ప్రింగులు తమ పదును పోగొట్టుకుంటాయి. కమ్మరి కత్తికి పదును పెట్టాక మళ్ళీ ఎర్రగా కాల్చి ఊరకే చల్లారనిస్తే కత్తి మెత్తబడుతుంది కదా, అదే. ఫ్రేము ఒక వైపు ఎక్కువ కాలి ఇంకో వైపు తక్కువ కాలితే మెలి తిరుగుతుంది. అందులో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చాలు, చక్రాలు సూటిగా నిలవవు. బాయిలర్ లోపల వందలాది ట్యూబులు రెండు చివర్లా ట్యూబ్ ప్లేటులోకి వెడల్పు చేసి బిగించి ఉంటాయి. ఆ బిగువంతా వదులవుతుంది.

బాయిలర్ దగ్గర ఒక చిత్రం ఉంది. నడిచే ఇంజన్‌లో ఫైర్‌బాక్సులో, అంటే బొగ్గు మండే గదిలో, వెయ్యి డిగ్రీలు దాటిన నిప్పు రోజంతా మండుతుంది, అయినా ఆ రేకుకి ఏమీ కాదు. ఎందుకంటే అవతల వైపు నీళ్ళున్నాయి. పద్నాలుగు బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు పద్నాలుగు రెట్ల ప్రెషర్‌లో కూడా నీళ్ళు మరిగేది 200 డిగ్రీల లోపే, రేకు వేడినంతా నీళ్ళు లాగేసుకుంటాయి. నీళ్ళు తగ్గి రేకు బయటపడిందా, ఫైర్‌బాక్సు నెత్తిన ఉండే సీసపు ప్లగ్గు కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకి డ్రైవర్‌ని హెచ్చరిస్తుంది. ఆ ప్లగ్గు పెట్టేదే అందుకు. మ్యూజియం ఇంజన్, రిపేర్‌లో ఉన్న ఇంజన్ ఖాళీ బాయిలర్‌తో ఉంటాయి. అంటే మంటలో వాటిని కాపాడే నీళ్ళే లేవు. అలాగని బాయిలర్ నింపి పెట్టమని మాత్రం మీకు చెప్పను. నిలవ నీళ్ళు లోపల రేకుని తినేస్తాయి. పైగా మూసిన బాయిలర్‌లో నీళ్ళు మంటకి కాగి ప్రెషర్ పెరిగిందంటే, సేఫ్టీ వాల్వు పనిచేయకపోతే, అది బాంబే.

మంట ఆర్పేటప్పుడు జరిగే నష్టం ఇంకొకటి. ఇంజన్ సిలిండర్లు, అంటే ఆవిరి పిస్టన్‌ని తోసే గొట్టాలు, పోత ఇనుముతో చేసినవి. ఎర్రగా కాగిన పోత ఇనుము మీద చన్నీళ్ళ ధార పడితే పింగాణీ గిన్నె పగిలినట్టు చీలుతుంది. ఫైర్ సర్వీసు వాళ్ళని తప్పు పట్టలేం, వాళ్ళకి ముందు మనుషులు, తర్వాత గ్యాస్ సిలిండర్లు, తర్వాతే ఇంజన్. అదే సరైన వరస. నేనైనా అదే చేస్తాను.

మంట ఆరాక కథ అయిపోదు. వైర్లు, ప్లాస్టిక్ పైపులు కాలినప్పుడు వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది. పెయింటూ నూనే కాలిపోయి ఒట్టిగా నిలబడ్డ ఇనుము మీద ఆ మసి, దాని మీద గొట్టాల నీళ్ళు. మూడు రోజుల్లో ఇంజన్ మొత్తం ఎర్రటి తుప్పు. పాత బాయిలర్ల చుట్టూ వేడి ఆగడానికి ఆస్బెస్టాస్ పూత ఉండేది. కప్పు కూలి అది చితికితే ఆ దుమ్ము షెడ్డంతా. ఆస్బెస్టాస్ తీసే పద్ధతి తెలిసినవాళ్ళు వచ్చి శుభ్రం చేసేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, ఈలోగా తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

రెండో ప్రశ్నకి వస్తాను, బాగుచేయలేరా అని. చేయొచ్చు, కొన్నిసార్లు. అది మంట కన్నా మనుషుల మీద ఎక్కువ ఆధారపడుతుంది.

అమెరికాలో కొలరాడోలోని డురాంగోలో 1880ల నాటి రౌండ్‌హౌస్ 1989 ఫిబ్రవరి 10న కాలింది. కొండల్లో నడిచే నారో గేజ్ (సన్న పట్టాల) టూరిస్టు రైలు షెడ్డు అది. లోపల ఆరు స్టీమ్ ఇంజన్లు చిక్కుకున్నాయి. ఆరింటినీ బయటికి లాగి, తుడిచి, విప్పి, బిగించి ఆ వేసవి సీజన్‌కి రైళ్ళు నడిపారు. పాత గోడల ఇటుకల్లో పనికొచ్చినవి ఏరి కొత్త రౌండ్‌హౌస్‌కి వాడారు. నా అంచనా, వాళ్ళని గట్టెక్కించింది ఆ ఇంజన్లని రోజూ విప్పి బిగించే మెకానిక్కులు అక్కడే జీతం మీద ఉండడం. ఏ బోల్టు ఎక్కడిదో వాళ్ళకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

దీనికి ఎదురు ఉదాహరణ అలస్కాలోని స్కాగ్‌వే. వైట్ పాస్ రైల్వే షెడ్డు 1969 అక్టోబర్‌లో కాలింది. ఆ రైల్వేకి 72, 73 నంబర్లతో జంట ఇంజన్లుండేవి, రెండూ 1947లో బాల్డ్విన్ కంపెనీ కట్టినవే. 72 ఆ మంటలో దెబ్బతింది, కొన్నేళ్ళకి తుక్కు కింద పోయింది. 73 మిగిలింది, తర్వాత దాన్ని బాగుచేసి మళ్ళీ నడిపారు, టూరిస్టు రైళ్ళు లాగింది. అన్నదమ్ముల్లాంటి రెండు ఇంజన్లు, తేడా ఆ రాత్రి ఎక్కడ నిలబెట్టారన్నదే. 1969 నాటికి స్టీమ్ ఇంజన్ అక్కర ఎవరికీ లేదు, కాలినదాని మీద డబ్బు పెట్టేవాడూ లేడు.

న్యూరెంబర్గ్ అడ్లర్‌ని మైనింగెన్ అనే ఊళ్ళోని వర్క్‌షాపుకి తీసుకెళ్ళి మళ్ళీ కట్టారు, 2007లో తిరిగి ఆవిరి వదిలింది. 01 150 కూడా కొన్నేళ్ళకి మైనింగెన్‌లోనే ప్రాణం పోసుకుంది. అన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు. మైనింగెన్ కొత్త స్టీమ్ బాయిలర్లు కట్టిన వర్క్‌షాపు, అలాంటి చోట్లు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మన దేశానికి ఈ విషయంలో కొంత గర్వపడే కారణం ఉంది. 1855 నాటి ఫెయిరీ క్వీన్ అనే స్టీమ్ ఇంజన్‌ని 1990ల్లో చెన్నైలోని పెరంబూరు లోకో వర్క్స్‌లో నడిచే స్థితికి తెచ్చారు. తిరుచిరాపల్లి దగ్గరి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు నీలగిరి కొండ రైలు కోసం ఈ శతాబ్దంలో కొత్తగా ఎక్స్ క్లాస్ అనే రకం స్టీమ్ ఇంజన్లే కట్టింది. అంటే చేతిపని ఇంకా బతికే ఉంది. కానీ ఏ వర్క్‌షాపు అయినా అడిగే మొదటి మాట ఒకటే: డ్రాయింగులున్నాయా? ఆ డ్రాయింగులు కూడా షెడ్డు పక్క ఆఫీసు గదిలో బీరువాలోనే ఉండి ఇంజన్‌తో పాటు కాలిపోతే ఇక ఏ చేతిపనీ అక్కరకి రాదు.

మీ ఇంజన్‌కి డ్రాయింగులు ఉండకపోవచ్చు. అయితే మీరే తయారుచేసుకోండి. షెడ్డు కన్నా ముందు ఈ పని చేయండి. టేపు, కాలిపర్ పట్టుకుని ప్రతి కొలతా రాయండి. ప్రతి భాగాన్నీ స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. రాడ్ల మీద, ఫ్రేము మీద గుద్ది వేసిన అంకెలుంటాయి, సుద్ద రుద్ది వాటినీ ఫొటో తీయండి. రెండు కాపీలు, రెండు వేరు వేరు ఇళ్ళలో. నాలుగు ఆదివారాల పని.

మంట ఎలా మొదలవుతుందో చెబితేనే మూడో ప్రశ్నకి జవాబు అర్థమవుతుంది. నా కళ్ళతో చూసినది ఒకటి చెబుతాను. షెడ్డు పేరు అక్కర్లేదు. ఎనభైల్లో ఒక ఎండాకాలం, సాయంత్రం షిఫ్టు ఆఖర్లో ఇంజన్ ఫుట్‌ప్లేట్ (డ్రైవర్ నిలబడే పలక) కింద బ్రాకెట్ ఒకటి గ్యాస్ కట్టింగ్ చేశారు. పని ఐదింటికల్లా అయిపోయింది, సామాన్లు సర్ది అందరూ వెళ్ళిపోయారు. రవ్వలన్నీ ఆరిపోయినట్టే కనిపించాయి. నేను రాత్రి డ్యూటీకి వచ్చాను. ఏడు గంటలు దాటాక ఒక ఖలాసీ వచ్చి "పాత గోనె కాలుతున్న వాసన వస్తోందండీ" అన్నాడు. ఎక్కడా పొగ లేదు. ఇద్దరం ముక్కుతో వెతుక్కుంటూ వెళ్ళాం. పిట్ మీద నడవడానికి చెక్కలు పరిచి ఉండేవి. వాసన వాటి సందుల్లోంచి వస్తోంది. ఒక చెక్క లేపాను. లేపగానే గాలి తగిలి భగ్గుమంది. కింద నూనె కాటన్ వేస్ట్ కుప్ప, దాని అడుగున బియ్యపు గింజంత కరిగిన ఇనుము రవ్వ పడి రెండు గంటలు నివురుగప్పిన నిప్పులా రాజుకుంటూ ఉంది. ఖలాసీ నీళ్ళ బకెట్ అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పిట్‌లో నూనె తేలుతుంది. నీళ్ళు పోస్తే నీళ్ళు అడుక్కి పోయి మండే నూనె పైకి తేలి పిట్ పొడుగునా పారుతుంది. ఇసుక బకెట్లు ఆరు పోశాం. ఆరిపోయింది. మా ఇద్దరి చేతులూ వణుకుతూనే ఉన్నాయి. ఆ లైను మీద నాలుగు ఇంజన్లు ఉన్నాయి ఆ రాత్రి.

ఆ ఖలాసీ ముక్కు లేకపోతే తెల్లారేసరికి ఆ షెడ్డు ఉండేది కాదు. వెల్డింగ్, గ్యాస్ కట్టింగ్ అయ్యాక ఎంతసేపు కాపలా ఉండాలన్నదానికి అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం మొదట్లో అరగంట అనేది, 2019లో దాన్ని గంటకి పెంచారు. చుట్టూ 35 అడుగుల లోపు మండే వస్తువు ఉండకూడదని కూడా అందులో ఉంది. నేనైతే మీకు ఇంకా గట్టిగా చెబుతాను. నిప్పు పని ఏదైనా మధ్యాహ్నం లోపే ముగించండి. ఇంటికి వెళ్ళే ముందు చేసే కట్టింగ్ అంత ప్రమాదం ఇంకొకటి లేదు.

కాటన్ వేస్ట్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మెషిన్ ఆయిల్ గుడ్డ దానంతట అది అంటుకోదు, దానికి నిప్పు తగలాలి. కానీ అవిసె నూనె, దాంతో చేసిన పెయింట్లు, వార్నిష్‌లు తుడిచిన గుడ్డలు అలా కాదు. ఆ నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి పోతుంది. ఉండచుట్టి మూల పడేస్తే లోపలే పెరిగి పెరిగి కొన్ని గంటల్లో తనంతట తాను రాజుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, షార్ట్ సర్క్యూట్ అక్కర్లేదు. పాత ఇంజన్లకి రంగులేసే వాలంటీర్లు సరిగ్గా ఇలాంటి గుడ్డలే వాడతారు. మూత ఉన్న ఇనప డబ్బా ఒకటి నీళ్ళు పోసి పెట్టుకోండి, వాడిన ప్రతి గుడ్డా అందులో వేయండి, సాయంత్రానికి ఆ డబ్బా షెడ్డు బయట ఉండాలి.

బ్యాటరీ ఛార్జింగ్ లోపల పెట్టకండి, ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, ఒక్క స్పార్కుకి పేలుతుంది. గ్యాస్ సిలిండర్లు పని అయ్యాక బయట నీడలో, గొలుసు వేసి నిలబెట్టాలి. మంటలో కాగిన ఎసిటిలిన్ సిలిండర్ మంట ఆరాక కూడా పేలొచ్చు, అందుకే ఫైర్ సర్వీసు వాళ్ళు దాని దగ్గరికి త్వరగా పోనివ్వరు, పక్కనున్న ఇంజన్‌ని అలా వదిలేయాల్సి వస్తుంది.

ఇక మీ షెడ్డు. మీరు రాసిన కొలతల ప్రకారం ఒక్క ఇంజన్ పట్టే రేకుల షెడ్డు, మూడు వైపులా గోడ, ఒక వైపు తలుపు. నాదొక్కటే విన్నపం: ఆ వెనక గోడ కట్టకండి. రెండు చివర్లా తలుపులు పెట్టండి, పట్టా రెండు వైపులా ఇంజన్ పొడుగంత బయటికి వేయండి. మంట ముందు తలుపు దగ్గర లేస్తే వెనక నుంచి తీయొచ్చు. తీయడానికి ట్రాక్టర్ చాలు, మీది చిన్న ఇంజనే. కానీ గొలుసు ఇంజన్‌కి ముందే తగిలించి ఉండాలి, రెండు చివర్లా, తలుపు బయటి నుంచి చేతికి అందేలా. చక్రాల కింద పెట్టే చెక్క ఆపులకి తాడు కట్టి, ఆ తాడు కొస బయటికి తీసి పెట్టండి. మంట లేచాక లోపలికి పోయి ఆపు తీసేవాళ్ళు ఉండకూడదు, ఉండనివ్వకూడదు. నెలకొకసారి ఇంజన్‌ని పది అడుగులు జరపండి. ఏడాది కదలని ఇంజన్ ఇరుసు పట్టేస్తుంది, ఆ రోజు ట్రాక్టర్ లాగినా రాదు.

కప్పుకి తాటాకు, వెదురు, ప్లాస్టిక్ షీట్ ఏదీ వద్దు. వేడి తగ్గుతుందని రేకుల కింద థర్మోకోల్ వేయిస్తామని రాశారు. దయచేసి వేయించకండి. అది మండుతుంది, కరిగి కారుతుంది. రేకులకి తెల్ల సున్నం లాంటి కూల్ పెయింట్ వేయించుకోండి, చాలు. రాత్రి అందరూ వెళ్ళాక లోపల కరెంటు ఉండకూడదు. మెయిన్ స్విచ్ బయట పెట్టి, తాళం వేసేవాళ్ళు దాన్ని ఆపాకే తాళం వేయాలి. సెక్యూరిటీ లైటు, అలారం కావాలంటే వేరే లైను. అలారంకి పొగ డిటెక్టరు పెడితే ఇంజన్ వెలిగించిన రోజల్లా మోగుతుంది, మూడోసారికి ఎవరో వైరు పీకేస్తారు. వేడిని పట్టే డిటెక్టరు పెట్టించండి.

బయటి నుంచి వచ్చే మంటని మరిచిపోవద్దు. ఆస్ట్రేలియాలో లిత్‌గో దగ్గర జిగ్ జాగ్ రైల్వే అని వాలంటీర్లు నడిపే లైను ఉంది. 2012లో రైళ్ళు ఆగాయి, మళ్ళీ మొదలుపెట్టాలని వాళ్ళు పాటుపడుతుండగా 2013 అక్టోబర్‌లో అడవి మంటలు వచ్చి చాలా ధ్వంసం చేశాయి. తేరుకుంటున్నారు అనుకునేలోగా 2019 డిసెంబర్‌లో మళ్ళీ మంటలు. అయినా వదల్లేదు, 2023 మేలో రైలు నడిపారు. వాళ్ళకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. మీకు అడవి లేదు, కానీ మూతపడిన ఫ్యాక్టరీ అంటే నడుమెత్తు ఎండు గడ్డి, ఏప్రిల్ మే నెలల్లో ఎవరో పారేసిన బీడీ. షెడ్డు చుట్టూ ఇరవై అడుగులు గడ్డి లేకుండా ఎర్రమట్టి నేల ఉంచండి. సంక్రాంతి అయ్యాక ఒకసారి, ఉగాదికి ఒకసారి చెక్కించండి.

ఆఖరుగా, మీ మండలం ఫైర్ స్టేషన్ ఆఫీసర్‌ని షెడ్డు పునాది తీసేటప్పుడే పిలవండి. బండి ఏ గేటు నుంచి వస్తుంది, ఆ గేటు ఎత్తు సరిపోతుందా, నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి, గ్యాస్ సిలిండర్లు ఎక్కడుంటాయి, బాయిలర్‌లో నీళ్ళున్నాయా లేవా ఎలా తెలుస్తుంది, ఇవన్నీ ఆయనకి చూపించండి. పోత ఇనుప సిలిండర్ల సంగతి కూడా ఆయనకి చెప్పండి. ధార కప్పు మీదా గోడల మీదా పెట్టి ఇంజన్‌ని మెల్లగా చల్లారనిచ్చే వీలుంటే వాళ్ళే చేస్తారు, ముందు తెలిస్తే. తర్వాత మీ పునాది ప్లాను ఫొటో ఇక్కడ పెట్టండి. పట్టా వాలు ఎటు వైపు ఇవ్వాలో చూసి చెబుతాను. తలుపు తెరిచి ఆపు లాగితే ఇంజన్ తన బరువుతో తానే బయటికి వచ్చేలా, బయట చివర్లో ఇసుక కుప్పలో ఆగేలా చేయొచ్చేమో చూద్దాం.